ఎనిమిదో పేజీకీ తొమ్మిదో పేజీకీ మధ్య

అన్యాయం జరిగింది పేజీలు తిప్పే మనిషికి. జరిగింది పోయిన ఏడాది మార్చి పద్నాలుగు, శనివారం సాయంత్రం, నిండు హాల్లో, అందరి కళ్ళెదుట. ఈ సంగతి ముందే చెప్పి పెట్టుకోవడం మంచిది. ఎందుకంటే ఇక్కణ్ణుంచి కథ చాలావరకు ఆ అన్యాయం చేసిన పెద్దమనిషి నోటి మీదుగానే నడుస్తుంది. ఆ నోరు ఎలాంటిదంటే, కాసేపు వింటే చాలు, కొట్టినవాడి చెయ్యి నొప్పెట్టిందేమోనని మనమే జాలిపడి కాపడం పెడతాం.

పియానో వాయించేవాడికి రెండు చేతులూ నొక్కే మెట్ల మీదే ఉంటాయి. ఎదురుగా స్వరాల పుస్తకం. పేజీ అయిపోతుంది గాని పాట ఆగదు కదా, అందుకని ఎడంపక్క ఇంకో కుర్చీ, అందులో ఇంకో మనిషి. వాయించేవాడు తల ఊపగానే ఆ మనిషి లేవాలి, ఎడమ చేత్తో పేజీ పైమూల పట్టుకుని చప్పుడు కాకుండా తిప్పాలి, మళ్ళీ కూర్చోవాలి. గాజులు గలగలమనకూడదు. దగ్గు రాకూడదు. నీడ మెట్ల మీద పడకూడదు. చివర్లో జనం లేచి చప్పట్లు కొడితే అవి తనకి కావని తెలుసుకుని తల దించుకోవాలి. బాగా తిప్పినన్నాళ్ళూ ఆ కుర్చీలో మనిషి ఉన్నట్టే ఎవరికీ తెలియదు. ఒక్కసారి తప్పు తిప్పితే ఊరందరికీ తెలుస్తుంది. వంటింటి ఉద్యోగానికి తోబుట్టువు ఈ ఉద్యోగం.

ఆ కుర్చీలో ఏళ్ళ తరబడి కూర్చున్నది మాస్టారి మరదలు, ఆయన భార్యకి సొంత చెల్లెలు. మాస్టారంటే వీధిలో పిల్లలకి పియానో నేర్పే మాస్టారు. హాల్లో ఏ కచేరీ అయినా పియానో ముందు ఆయనే. ఆయన వెంటపడి నేర్పినా వీధి పిల్లలకి ఎక్కని విద్య, ఆ కుర్చీలో ఊరికే కూర్చున్న మరదలికి ఎక్కింది. ఏ గుర్తు దగ్గర నెమ్మదించాలో, ఏ గుర్తు దగ్గర మళ్ళీ వెనక పేజీకి వెళ్ళాలో, బావ తల ఊపకముందే ఆమె చేతికి తెలిసేది.

ఆ సాయంత్రం పైఊరి గాయని వచ్చి పాడుతోంది. ఏడో పేజీ చివర ఆమె పాట ఆపుతుంది. ఎనిమిది, తొమ్మిది పేజీల నిండా పియానో ఒక్కటే, వేళ్ళు విరిగేంత వేగంగా. పదో పేజీలో మళ్ళీ పాట. ఏడో పేజీ అయింది, మాస్టారు తల ఊపాడు, మరదలు తిప్పింది. తిరిగి చూస్తే ఎదురుగా పదో పేజీ. మాస్టారి చేతులు ఆశ్చర్యపోలేదు. దారి తెలిసిన చుట్టం ఇంటికి వెళ్ళినట్టు తిన్నగా పదో పేజీలోకి వెళ్ళిపోయాయి. గాయని మాత్రం, ఇంకా రెండు పేజీల తీరిక ఉంది కదా అని, మంచినీళ్ళ గ్లాసు ఎత్తి నోట్లో పోసుకుంటోంది. తన పాట తనని వెతుక్కుంటూ రావడం చూసి ఉలిక్కిపడింది. నీళ్ళు ముక్కులోకి పోయాయి. పాట రావాల్సిన చోట పొలమారింది. వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు, ఆ తర్వాత హాలంతా.

మాస్టారు మెట్ల మీంచి చేతులు తీసి, లేచి నిలబడి, జనం కేసి తిరిగి, "క్షమించాలి. మా మరదలు పిల్ల రెండు పేజీలు కలిపి తిప్పేసింది" అన్నాడు. పుస్తకం టపీమని మూసి చంకలో పెట్టుకున్నాడు.

 కాదనడానికి ఆమె దగ్గర ఉన్న సాక్ష్యమల్లా ఒక బొటనవేలు. ఆ కాయితం కాయితంలా వంగలేదు, అట్టలా వంగింది. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఆ మందం అలాగే నిలిచిపోయింది. అక్కతో చెప్పుకుంటే, "పోనీలేవే. ఆయన పేరు పోతే ఇల్లు గడవద్దూ? నీకేం పేరుందని, పోవడానికి?" అంది. అక్క అలా అన్న వారం తిరక్కుండానే ఆమెకీ ఒక పేరొచ్చింది. రెండుపేజీలు. వీధి చివరినుంచి "ఏయ్ రెండుపేజీలూ" అని పిలిచేవాళ్ళు. అక్కడితో ఆగలేదు. పాలవాడు ఒకరింటి పాలు ఇంకొకరింట్లో పోస్తే వాడు రెండుపేజీలు. దర్జీ ఒకరి చొక్కాకి ఇంకొకరి చేతులు కుడితే ఆయనా రెండుపేజీలే. ఊళ్ళో తప్పులన్నిటికీ ఆమె పేరే ఇంటిపేరు అయింది. హాలు మేనేజరు మళ్ళీ ఆమెని ఆ కుర్చీకి పిలవలేదు. మాస్టారు అప్పట్నుంచీ తేలికపాటి పాటలే ఒప్పుకుంటున్నాడు, అడిగితే "నమ్మకమైన మనిషి లేదుగా" అంటాడు.

ఇక ఆ పుస్తకం. ఏమైంది మాస్టారూ అని మేనేజరు అడిగితే ఎవరికో ఇచ్చానన్నాడు. దర్జీ అడిగితే వానలో తడిసి ముద్దయిందన్నాడు. టీకొట్టు పిన్ని అడిగితే చెదలు తినేశాయన్నాడు. ఒకే పుస్తకం మూడు చావులు చచ్చింది. ఏ చావు కబురు ఎవరికి అందిందో వాళ్ళకే తెలుసు. మూడూ తెలిసింది మరదలికి ఒక్కదానికే, ఎందుకంటే ఆమె అడగ్గలిగినవాళ్ళందర్నీ అడిగి పెట్టుకుంది. ఏడాదిపాటు అనుమానాన్ని కుంపటి మీద పాలలా చూసుకుంది, పొంగనివ్వలేదు, విరగనివ్వలేదు.

ఇప్పుడు ఆదివారం పొద్దున. హాలుకి ఎదురుగా పిన్ని టీకొట్టు. ఒక కాలు కింద ఇటుక పెట్టిన బల్ల. బల్ల మీద దర్జీ, ఒళ్ళో కాలరు కుట్టాల్సిన చొక్కా. పక్కన హాలు మేనేజరు, మోకాళ్ళ మీద నల్లబోర్డు. వచ్చే వారం కచేరీ వివరాలు ఆయన ప్రతి ఆదివారం ఇక్కడే కూర్చుని, టీ తాగుతూ, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుని పోయి హాలు మెట్ల మీద నిలబెడతాడు. బల్ల చివర మరదలు. ఉన్న ఒక్క కుర్చీలోనూ మాస్టారు.

"పైఊరినుంచి పెద్ద పియానో వాయిద్యగాడు వస్తున్నాడు" అన్నాడు మేనేజరు, సుద్దముక్క విరుస్తూ. "అంతా బాగానే ఉంది గాని, పేజీలు తిప్పడానికి స్వరాలు చదవగలిగిన మనిషి కావాలని రాశాడు. ఎక్కణ్ణుంచి తేను?"

"ఎక్కణ్ణుంచో ఎందుకు? ఉందిగా అమ్మాయి" అంది పిన్ని, కెటిల్ దించుతూ.

మేనేజరు మరదలి వంక చూశాడు, చూసి బోర్డు వంక చూసుకున్నాడు. కాదనలేదు, అవుననలేదు.  ఏడాదిలో ఆ మాట ఎవరైనా అనడం అదే మొదలు. ఆ కుర్చీ మళ్ళీ దొరికితే ఆ పేరు పోతుంది, దొరక్కపోతే ఆ పేరుతోనే పోవాలి. ఆమెకి తెలుసు.

మాస్టారికీ తెలుసు. ఆయన గ్లాసు మూతి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"పేజీలు తిప్పడానికి మనిషా?" అన్నాడు. "అన్నం తినేవాడికి నమిలిపెట్టే మనిషి కావాలా? ఎవడయ్యా ఆ వచ్చేవాడు, మరీ పసివాడిలా ఉన్నాడు! మా హాల్లో ఆ పద్ధతి లేదని రాసి పారెయ్యండి. నిజంగా వాయించడం వచ్చినవాడికి తిప్పే మనిషెందుకు? నన్ను చూడండి."

"మీకు ఉండేదిగా మాస్టారూ" అన్నాడు దర్జీ, సూదిలో దారం ఎక్కిస్తూ.

"ఉంటే ఉండేది, ఇంట్లో పిల్ల, ఊరికే కూర్చోడం దేనికని పెట్టుకున్నా. సరే చెబుతా వినండి, నేను పెద్దగా చెప్పుకోను, గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు, మా ఆవిడ కూడా ఎప్పుడూ అదే అంటుంది, మీరు మరీ నోరులేని మనిషండీ అని. ఒకసారి మిల్లు ఆవరణలో ఆరుబయట కచేరీ, పట్టపగలు, జనం విరగబడి వచ్చారు, నేను వెళ్ళి కూర్చోబోయేసరికి తిప్పే మనిషికి జ్వరమని కబురు, మిల్లు యజమాని గడగడా వణికిపోయి మాస్టారూ ఆపేద్దామా అన్నాడు, ఆపడానికి నేనేమన్నా కీ ఇవ్వని గడియారమా అన్నాను, కూర్చున్నాను, వాయించాను, పేజీలన్నీ నా చేత్తో నేనే తిప్పుకున్నాను, ఒక్క స్వరం కింద పడలేదు."

ఇక్కడిదాకా నమ్మొచ్చు. వాయించేవాళ్ళు ఎందరో ఎడమ చేతికి కాస్త ఖాళీ చూసుకుని పేజీ లాగేసుకుంటారు.

"జ్వరం ఎవరికి బావా?" అంది మరదలు.

"నీకు కాదులే. నీకు ముందు తిప్పిన మనిషికి."

"నాకు ముందు ఎవరూ తిప్పలేదుగా."

"ముందంటే... బాగా ముందు. మధ్యలో మాట్లాడకే."

"అది కాదు మాస్టారూ" అన్నాడు దర్జీ. "చెయ్యి పేజీ తిప్పుతుంటే ఆ చేతి కింది మెట్లు ఎవరు నొక్కారూ అని."

"మోచేయి."

"మోచేయా!"

"మరి? మనిషికి మోచేయి ఎందుకుంది, బల్ల మీద ఆనించుకుని టీ తాగడానికా?"

దర్జీ బల్ల మీంచి మోచేయి తీసేశాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలి మొదలైంది. మామూలు గాలి కాదు, మిల్లు గొట్టంలో పొగ పైకి పోలేక మళ్ళీ లోపలికి పోయింది..."

"బట్టల క్లిప్పులు పెట్టుకోవాల్సింది" అంది పిన్ని. "ఆరుబయట వాయించేవాళ్ళు పుస్తకానికి క్లిప్పులు పెడతారు, నేను చూశా."

"క్లిప్పులా? చిన్నపిల్లలకి, క్లిప్పులు! నేను బంక వాడతాను. అక్కర్లేని పేజీలు ముందే ఒకదానికొకటి అంటించేస్తాను. ఏది లేపాలో తెలీక గాలి తికమకపడి చస్తుంది."

మరదలి బొటనవేలు దానంతట అదే చూపుడువేలిని వెతుక్కుంది.

"అక్కర్లేని పేజీలంటే ఏవి బావా?" అంది, గొంతులో అనుమానం వినబడనివ్వకుండా.

"అంటే... కష్టమైనవి."

"ఎవరికి కష్టం?"

"వినేవాళ్ళకి! నాకేం కష్టం? నాలుగు మెట్లు ఎక్కువ, నాలుగు తక్కువ. జనం మీద జాలితో అంటిస్తాను. నువ్వు కథ వినవా?"

ఆమె అప్పుడే మీద పడొచ్చు. పడలేదు. ఎలుక కలుగులోంచి మూతి బయటపెట్టగానే దూకే పిల్లికి మీసాలు తప్ప ఇంకేం దొరకవు. తోకదాకా బయటికి రావాలి. ఆమె గ్లాసు కింద పెట్టి, చెంపకి చెయ్యి ఆనించుకుని, చిన్నప్పుడు అక్కచేత కథలు చెప్పించుకున్నప్పటి ముఖం పెట్టింది.

"వింటున్నా బావా. తర్వాతేమైంది?"

అంతే. వంట నూనెలో నిప్పు పడ్డట్టయింది.

"ఏమైందా! అంత గాలిలో రెండు మోచేతులూ పనిలో ఉన్నాయి, పేజీ చూస్తే అయిపోవచ్చింది, ఏం చేస్తాను? ఊదాను. ఊదడమంటే మీరు టీ చల్లార్చుకున్నట్టు కాదు, అదొక విద్య. పేజీ కింది మూల గురి చూసి, నాలుక మడిచి, ఉఫ్. ఒక ఉఫ్‌కి ఒక పేజీ. దీనికోసం నేను ఉల్లిపాయ మీద సాధన చేశాను, ఉల్లిపాయ ముందు పెట్టుకుని ఊదితే పై పొర ఊడాలి, కింది పొర కదలకూడదు."

"ఆ ఇంట్లో ఉల్లిపాయలు ఒలిచే పని లేదన్నమాట" అంది పిన్ని. "నీకు తెలియలేదేంటే అమ్మాయ్, కళ్ళనీళ్ళు పెట్టుకుని ఒలుస్తుంటావ్?"

మేనేజరుకి కాస్తో కూస్తో స్వరాలు తెలుసు. సుద్దముక్క చెవి వెనక పెట్టుకుని అనుమానంగా అడిగాడు. "ముందుకి ఊదారు సరే. మళ్ళీ వెనక్కి వెళ్ళమనే గుర్తు వస్తుంది కదా, అప్పుడు పేజీ వెనక్కి తిప్పాలి. దానికేం చేశారు?"

"మంచి ప్రశ్న. ఊపిరి లోపలికి లాగాలి."

"లోపలికా?"

"ముందుకి తిప్పాలంటే వదలాలి, వెనక్కి తిప్పాలంటే లాగాలి. ఇందులో అర్థం కాందేముంది? ఒకసారి కాస్త గట్టిగా లాగాను, ముందు వరస పెద్దమనిషి నెత్తిమీది టోపీ ఎగిరొచ్చి నా ఒళ్ళో పడింది."

దర్జీ తన ఒళ్ళోని చొక్కా మీద చెయ్యి వేసి పట్టుకున్నాడు, ఎందుకైనా మంచిదని.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలి కాస్తా సుడిగాలి అయింది, పుస్తకం కుట్లు తెగాయి, పేజీలన్నీ ఒక్కసారిగా లేచి ఆకాశంలోకి వెళ్ళిపోయాయి, జనం అయ్యో అని ఒకటే గోల, మిల్లు యజమాని కూలబడ్డాడు, నేనేం చేశాను? తలెత్తాను. పైన ఏ పేజీ ముందొస్తే అది చదవడం, కింద వాయించడం. ఇంతలో ఒక గద్ద వచ్చి పద్దెనిమిదో పేజీని తన్నుకుపోయింది. పోతే పోనీ, నేను గద్దనే చూస్తూ వాయించాను. అది రెక్కలు టపటపలాడిస్తే స్వరం వణికించాను, అది గిరికీ కొడితే ఆ వరస ఇంకోసారి వాయించాను..."

"గద్ద తలకిందులైతే?"

"కుడిచేతిది ఎడమచేతికి, ఎడమచేతిది కుడిచేతికి!"

"అబ్బ" అంది మరదలు. "చెప్పు బావా, చెప్పు."

దర్జీ ఆమె వంక వింతగా చూశాడు. ఏడాదిగా ఈ అమ్మాయి బావ మాట్లాడుతుంటే గ్లాసు అడుగు చూసుకునేది. ఇవాళేంటి, పసివాడికి ముద్దలు తినిపించేదానిలా, చెప్పు చెప్పు అని ఎగదోస్తోంది? ఆయన కుట్టు ఆపి, సూది కాలరుకి గుచ్చి పెట్టి, ఒకసారి ఆమెని, ఒకసారి మాస్టారిని చూడసాగాడు.

"ఆఖరి పేజీ, అన్నిటికన్నా ముఖ్యమైన పేజీ, తిరిగి తిరిగి వచ్చి ముందు వరస పెద్దమనిషి బట్టతల మీద అతుక్కుంది. టోపీ నా దగ్గరుందిగా! ఎండకి చెమట పట్టిన తల, సిరా అచ్చంగా నెత్తిమీద దిగిపోయింది, కాయితం మళ్ళీ ఎగిరిపోయింది. ఇప్పుడు ఆ అచ్చు తిరగేసి పడుతుంది కదా? తిరగేసిందాన్ని తిరగేసి చదివాను. అయ్యా, మీరు తల తిప్పితే నా పాట పక్కింటికి పోతుంది, కదలకండి అని కళ్ళతోనే బతిమాలాను. మహానుభావుడు, ఈగ వాలినా తోలుకోలేదు. ఆ ఈగని కూడా ఒక స్వరం అనుకుని వాయించేశాను, అది ఇంకా బాగుందన్నారు అందరూ."

పిన్ని నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. మేనేజరు నవ్వలేదు. నవ్వనివాళ్ళని చూస్తే మాస్టారికి ఇంకా పూనకం వస్తుంది. కుర్చీలోంచి లేచి, పది వేళ్ళూ చాచి గాల్లోకి ఎత్తాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? చివరి దెబ్బ! పది వేళ్ళూ కలిపి ఒక్క దెబ్బ! ఆ దెబ్బకి పుట్టిన గాలికి, ఒట్టు, ఊళ్ళో ఉన్న కాయితాలన్నీ ఒక పేజీ తిరిగాయి. మంగలి కొట్లో పేపరు చదివేవాళ్ళంతా పెళ్ళి ప్రకటన మొదలుపెట్టి చావు ప్రకటనతో ముగించారు. బళ్ళో పుస్తకాలన్నీ తిరిగిపోయి, చెప్పని పాఠం పిల్లలు అప్పజెప్పారు. మిల్లు ఆఫీసులో క్యాలెండరు తిరిగి ఒకటో తారీకు వచ్చేసింది, జీతాలిచ్చి పంపేశారు. కోర్టులో జడ్జిగారి ముందున్న కాయితం తిరిగిపోయి ఒకడికి పడాల్సిన శిక్ష ఇంకొకడికి పడింది!"

"పాపం" అంది మరదలు. "చేసినవాడు ఒకడు, అనుభవించినవాడు ఇంకొకడు."

"అదే మరి!" అని పకపకా నవ్వాడు మాస్టారు.

ఇంకెవరూ నవ్వలేదు. మేనేజరు చెవి వెనకనుంచి సుద్దముక్క తీసి, దాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండిపోయాడు.

మరదలు నెమ్మదిగా, మర్యాదగా, అమాయకంగా అడిగింది. "ఎంతైనా బావా, అంత సుడిగాలిలో రెండు పేజీలు కలిసి తిరగలేదూ, ఒక్కసారైనా?"

"తిరిగితే తిరగనీ! రెండు కాకపోతే ఇరవై తిరగనీ! నేను పేజీ వంక చూసేది దాన్ని రాసినవాడి మీద మర్యాదకొద్దీ. నాకు పేజీ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. పేజీ తిరగలేదని ఆగిపోయేవాడు పియానో దగ్గర కూర్చోకూడదు, గుమస్తా పని చూసుకోవాలి."



"మరి మాస్టారూ" అన్నాడు దర్జీ, ఒక్కో మాటా కొలిచి కత్తిరించినట్టు, "గద్దకి ఆగలేదు, సుడిగాలికి ఆగలేదు. పోయిన మార్చిలో రెండు పేజీలకే ఆగిపోయారేం?"

మాస్టారి చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. మెల్లగా కిందికి దిగాయి. కూర్చున్నాడు.

"అదా. అది వేరు. గాలికి తిరిగిన పేజీలు వేరు, అంటుకుపోయిన పేజీలు వేరు."

"అంటుకుపోయాయా?" అన్నాడు మేనేజరు. "అమ్మాయి కలిపి తిప్పిందన్నారుగా?"

"అంటుకున్నాయి కాబట్టే కలిపి తిప్పింది! చూసుకోవద్దూ? తిప్పే మనిషి పని ఏంటి? గోరు పెట్టి విడదీసి తిప్పాలి. అందుకే అంటున్నా, నమ్మకమైన మనిషి కాదు, ఆ వచ్చేవాడి పరువు కూడా తీస్తుంది."

ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట. మద్దెలకి నోరుంటే ఏమనేదో ఎవరూ అడగరు. మరదలికి నోరుంది. ఒక ఏడాది దాచుకున్న నోరు. కానీ ఆమె దాన్ని ఇంకా బయటికి తియ్యలేదు. తల దించుకుంది.

"నిజమే బావా. తప్పు నాదే."

పిన్ని గరిట కింద పెట్టేసింది. "అదేంటే!"

"నాదే పిన్నీ. గోరు పెట్టి ఉంటే ఊడొచ్చేవి. ఎంతటి అంటుకోవడం అది? ఏ చెమట చుక్కో, టీ చుక్కో పడి ఉంటుంది. లేకపోతే ఎవరో నీళ్ళ బంక రాసి ఉంటారు. చిన్నపిల్లలు బొమ్మలు అతికించుకునే బంక ఉంటుందే, గాలి తగిలితే ఊడిపోయేది, అలాంటిది. దానికే నేను బెదిరిపోయాను."

"నీళ్ళ బంకా?" అన్నాడు మాస్టారు.

"అంతకన్నా ఏముంటుంది బావా? దర్జీగారు కాలరులో పెట్టే బంక అయినా గట్టిదేమో గాని..."

"దర్జీ బంకా!" మాస్టారి మెడ నరాలు లేచాయి. "ఉతికితే పోయే దర్జీ బంకకీ నా బంకకీ పోలికా? ఏమనుకుంటున్నావ్? అది నేను నా చేతులతో ఉడికించిన బంక! పిండి జల్లెడ పట్టి, సన్న సెగ మీద కలుపుతూ, చెట్టు జిగురు కరిగించి పోసి, గరిట నిలబడిపోయేదాకా ఉడికించాను. మా పెరటి తలుపు విరిగితే ఆ బంకతోనే అతికించాను, తర్వాత తలుపు పగిలింది గాని అతుకు ఊడలేదు. గోరు పెట్టి తీస్తావా? గోరు కాదు, గడ్డపార పెట్టు! మొన్న కూడా బీరువా మీంచి దించి, కాలు అడ్డం పెట్టి, రెండు చేతులా లాగి చూశాను. ఆ పుస్తకంలో ఎనిమిదో పేజీకీ తొమ్మిదో పేజీకీ మధ్య ఇవాళ్టికీ చీమ దూరదు!"

గెలిచినవాడిలా చుట్టూ చూశాడు.

 టీ పొంగి కుంపట్లో పడి సుయ్యిమంది, పిన్ని దాని వంక కూడా చూడలేదు. ముందుగా మాట్లాడింది ఆమే.

"ఆ పుస్తకం చెదలు తినేశాయన్నావు కదయ్యా నాతో?"

"నాతో వానలో ముద్దయిందన్నారు" అన్నాడు దర్జీ.

"నాకు ఎవరికో ఇచ్చానన్నారు" అన్నాడు మేనేజరు.

ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు, ఒకే మనిషికి ముగ్గురు వేరువేరుగా కన్నీళ్ళు పెట్టుకుని, ఇప్పుడు ఆ మనిషి వీధిలో నడిచొస్తుంటే చూసినట్టు.

మాస్టారు నాలుక మడిచి చూశాడు. ఉఫ్ కూడా రాలేదు. "అది... అంటే... మరదలు ఎంత జాగ్రత్తగా తిప్పుతుందో పరీక్షిద్దామని..."

"పరీక్షా!" అంది పిన్ని. "వాయించలేని పేజీలు అంటించి, వేళ్ళు నీవి కాపాడుకుని, పిల్ల వేళ్ళు విరిచావు కదయ్యా!"

 మాస్టారు మరదలి వైపు వంగి, గొంతు తగ్గించాడు. "ఏమే, ఇంట్లో విషయం ఇంట్లో చూసుకుందాం. మీ అక్క ముఖం చూడు."

"అక్క ముఖం చూసే ఏడాది నోరు మూసుకున్నా బావా. అక్క తెలిసి అడిగిందో తెలియక అడిగిందో గాని, నీకేం పేరుంది పోవడానికి అంది. నువ్వు నాకో పేరు పెట్టించావు. అది నేను దించుకోవాలి."

"సరే, ఇదిగో, అందరి ముందూ చెబుతున్నా, నీ తప్పేం లేదు. సరేనా? లేచి ఇంటికి పద."

"నువ్వు ఆ మాట ఇక్కడ అనలేదు" అంది మరదలు. వీధి అవతల, మూసి ఉన్న హాలు తలుపుల వైపు చెయ్యి చూపించింది. "అక్కడ అన్నావు. లేచి నిలబడి, జనం వైపు తిరిగి అన్నావు. వెనక్కి తిప్పాలంటే ఊపిరి లోపలికి లాగాలన్నావుగా బావా. అక్కడే నిలబడి లాగు."

మాస్టారు మేనేజరు వంక చూశాడు, ఈయనైనా అడ్డుపడతాడేమోనని. మేనేజరు అప్పటికే చొక్కా చేత్తో బోర్డు తుడిచేస్తున్నాడు. రాసిందంతా పోయిందాకా తుడిచి, మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాడు. పైన కచేరీ అని రాశాడు. దాని కింద, పియానో: అతిథి. దాని కింద, ఆ హాలు పుట్టాక ఏ బోర్డు మీదా రాయని మాట రాశాడు. పేజీలు తిప్పేవారు. చుక్కలు పెట్టి ఆగాడు.

"ఏమని రాయను?" అన్నాడు, తల గోక్కుంటూ.

దర్జీ నోటి చివరిదాకా "రెండు" వచ్చింది. అక్కడే నాలుక కరుచుకున్నాడు.

మరదలు లేచి వచ్చి, సుద్దముక్క మేనేజరు వేళ్ళలోంచి తీసుకుని, తన పేరు తనే రాసుకుంది. అమ్మానాన్నలు పెట్టిన పేరు. 

పిన్ని మెడ చాచి కూడబలుక్కుని చదివి, "ఇన్నాళ్ళూ నీ పేరు ఇదా అమ్మాయ్!" అంది. "ఎంత బాగుంది."

మేనేజరు సుద్దముక్క వెనక్కి పుచ్చుకుని ఇంకో వరస చేర్చాడు. కచేరీకి ముందు మాస్టారు రెండు మాటలు చెబుతారు.

"రెండే రాయండి" అన్నాడు దర్జీ, సూది మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ. "కాకపోతే రెండూ విడివిడిగా చెప్పమనండి. ఒకదానికొకటి అంటించకుండా."

కుర్చీ కిర్రుమంది. మాస్టారు లేచి, ఎవరి వంకా చూడకుండా, మోచేతులు పొట్టకి దగ్గరగా పెట్టుకుని వీధిలోకి నడిచాడు. గాలి లేదు. ఆయన వెనకాల ఒక్క కాయితం ముక్క కూడా కదల్లేదు.

మేనేజరు బోర్డు ఎత్తిపట్టుకుని సరిచూసుకున్నాడు. అడుగున కాస్త చోటు మిగిలితే, అక్కడ, ఊరందరికీ కనబడేలా, మిగతా అక్షరాలకన్నా పెద్దగా రాశాడు. ఫిబ్రవరి పదమూడు, శనివారం, సాయంత్రం ఆరు గంటలకు.